ఈసారి జాకెట్లకు కాపలా కూర్చోను: స్కీయింగా, స్నోబోర్డింగా?

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 41, సొంతూరు తెనాలి, ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. భర్త, పన్నెండేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు, ఈ చలికాలం ఇక్కడే ఉండటానికి వచ్చిన అత్తగారు. జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చే వారాంతానికి నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి పెన్సిల్వేనియాలోని పోకొనో కొండలకు వెళ్తున్నాయి. రెండు రోజులు మంచు మీదే.

కిందటేడు ఇదే బృందం అక్కడికే వెళ్లింది. అందరూ ట్యూబింగ్‌కి, అంటే గాలి నింపిన ట్యూబులో కూర్చుని మంచు వాలు మీద జారడానికి, పోతే ఈవిడ లాడ్జ్‌లో కూర్చుని జాకెట్లు, ఫోన్లు, చిప్స్ ప్యాకెట్లు చూసుకున్నారు. ఈసారి తానూ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పేశారు. అక్కడి నుంచి మొదలైంది గొడవ. దగ్గర్లోనే ఉండే మరిది కొన్నేళ్లుగా స్నోబోర్డింగ్ చేస్తున్నాడు. "స్కీయింగ్ ముసలాళ్లది వదినా. రెండు పలకలు, రెండు కర్రలు, ఎన్నని చూసుకుంటావు? బోర్డైతే ఒక్కటే, నేనే నేర్పించేస్తా" అంటాడు. భర్త మాట ఇంకోటి: అందరం ఒకటే నేర్చుకోవాలి, లేకపోతే కొండ మీద తలో దిక్కూ అయిపోతాం, సేల్ నడుస్తోంది కాబట్టి నాలుగు బోర్డులు కొనేద్దాం. ఆఫీసులో స్నేహితురాలు మాత్రం, స్కీయింగ్ అయితే మధ్యాహ్నానికల్లా దిగగలవు అంటోంది. ఈవిడకు మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి. డాక్టర్ చూసి, లోపల దెబ్బేమీ లేదు, తొడ కండరాలు బలపడాలి అన్నారట. అత్తగారేమో "డబ్బులిచ్చి మరీ ఎముకలు విరగ్గొట్టుకుంటారా?" అని రోజూ అడుగుతున్నారు. "నాకు ఛాంపియన్ అవ్వాలని లేదండీ. ఈసారి ఫొటోలో నేను కూడా కొండ మీద ఉండాలి. ఏది నేర్చుకోను? మరిదిని నొప్పించకుండా, మావారితో వాదన పెట్టుకోకుండా ఎలా చెప్పను?" ఇదీ ప్రశ్న.

ముందు మీ మరిది మాట దగ్గర మొదలుపెడతాను. మీ ఇంట్లో చర్చంతా దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి.

స్కీయింగ్ ముసలాళ్లది అన్న మాటకు వెనక ఒక కథ ఉంది. 1965లో మిషిగన్‌లోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతురి కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒకే పలకలా చేశాడు. స్నోబోర్డు పుట్టుకకు అదొక మొదలు. 1980ల్లో కూడా చాలా కొండల మీద బోర్డు వాళ్లను రానిచ్చేవారు కాదు. యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ ఈనాటికీ రానివ్వవు. ఒలింపిక్స్‌లోకి స్నోబోర్డింగ్ వచ్చింది 1998లో, నగానోలో. అందుకని బోర్డు కుర్రాళ్లది, స్కీ పెద్దలది అనే పేరు పడిపోయింది. ఆ మాటకిప్పుడు పెద్ద అర్థం లేదు. 2025 ఫిబ్రవరిలో వందో వరల్డ్ కప్ రేసు గెలిచిన స్కీయర్ మికాయెలా షిఫ్రిన్‌కు అప్పటికి ముప్పై కూడా నిండలేదు. కాబట్టి వయసు సంగతి పక్కన పెట్టండి.

"బోర్డైతే ఒక్కటే, ఈజీ" అన్న రెండో మాట అసలైనది. కొన్నేళ్లుగా చేస్తున్నవాడికి అది ఈజీయే, అతను అబద్ధం చెప్పడం లేదు. కానీ మొదటి రెండు రోజులు ఎలా గడిచాయో అతనికి ఇప్పుడు గుర్తుండి ఉండదు. మీకు ఉన్నవేమో సరిగ్గా ఆ రెండు రోజులే.

స్కీయింగ్‌లో మొదటి రోజు ఇలా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ బూట్లు, ముందువైపు బకిల్స్. వాటితో పార్కింగ్ నుంచి నడవడమే ఒక పని. ఇన్‌స్ట్రక్టర్ ముందు ఒక కాలికే స్కీ తగిలించి చదునుగా ఉన్న చోట నడిపిస్తాడు, తర్వాత రెండో కాలికి. ఆ తర్వాత మ్యాజిక్ కార్పెట్ ఎక్కిస్తాడు. పేరు చూసి భయపడకండి, ఎయిర్‌పోర్టులో ఉండే కదిలే బెల్టు లాంటిదే. నిలబడితే అదే పైకి తీసుకెళ్తుంది. దిగడానికి పిల్లలకు నేర్పే మాటే మీకూ నేర్పుతారు: పిజ్జా. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా. ఎంత వెడల్పు పిజ్జా చేస్తే అంత నెమ్మది. చూపు ముందుకే ఉంటుంది, కాళ్లు రెండూ విడివిడిగా ఉంటాయి, తూలితే ఒక కాలు జరిపి నిలదొక్కుకోవచ్చు. మామూలు ఆరోగ్యం ఉన్న చాలామంది ఆ రోజు సాయంత్రానికి తేలికైన వాలు మీద ఆగడం, కొంచెం తిరగడం పట్టేస్తారు. మీ స్నేహితురాలు చెప్పింది కొంచెం ఉత్సాహంగా చెప్పినా, తప్పు కాదు.

స్కీయింగ్ కష్టమంతా తర్వాత వస్తుంది. పిజ్జా వదిలి రెండు స్కీలూ సమాంతరంగా పెట్టి తిరగడానికి చాలామందికి ఎన్నో రోజుల సాధన కావాలి. ఏటా రెండు రోజులు వెళ్లేవాళ్లు పిజ్జా దగ్గరే ఉండిపోతారు. మీకు ఛాంపియన్ అవ్వాలని లేదు కాబట్టి అది మీ సమస్య కాకపోవచ్చు.

స్నోబోర్డింగ్ దీనికి తిరగేసి ఉంటుంది. బూట్లు మెత్తగా, హాయిగా ఉంటాయి. మీ ఎడమ కాలు ముందుండాలా కుడి కాలా అన్నది ముందు తేలుస్తారు. ఎడమ ముందైతే రెగ్యులర్, కుడి ముందైతే గూఫీ అంటారు. గూఫీ అన్నారని నవ్వుకోకండి, తప్పేమీ లేదు. ఆ తర్వాత రెండు కాళ్లూ ఒకే పలకకు బిగించి, పక్కకు తిరిగి నిలబడాలి. మడమ వైపు అంచు మీద జారడం, వేళ్ల వైపు అంచు మీద జారడం, ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం. ఆ మారే చోట కింది వైపు అంచు మంచులో దిగబడితే చాలు, కాళ్ల కింద చాప లాగేసినట్టు పడిపోతారు. వెనక్కైతే నడుం కింది ఎముక, ముందుకైతే మణికట్లు, మోకాళ్లు. పడ్డ ప్రతిసారీ మంచులో కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడాలి. మొదటి రోజంతా ఎక్కువగా చేసేది ఇదే. మర్నాడు పొద్దున్న మంచం మీద నుంచి లేవడానికి చేతులు సాయం కావాలి.

అయితే రెండో రోజో మూడో రోజో ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి కలపడం వచ్చేస్తే, అక్కడి నుంచి బోర్డు వేగంగా పట్టుబడుతుంది. మీ మరిది మాట్లాడేది ఆ తర్వాతి దశ గురించి.

దీనికి తోడు మీరు వెళ్తున్న చోటు సంగతి చూడాలి. కొలరాడోలో, యూటాలో పడే పొడి మంచు వేరు. పోకొనోస్ ఎత్తైన కొండలు కావు. అక్కడ మంచులో చాలా భాగం నీళ్లను మంచుగా చిమ్మే గన్నులతో తయారు చేసింది. పగలు కాస్త కరిగి, రాత్రి గడ్డకట్టి, పొద్దున తొమ్మిదింటికి నేల గాజులా ఉండే రోజులు ఎన్నో. ఆ గట్టి నేల మీద స్కీ నేర్చుకునేవారు జారిపోతారు. బోర్డు నేర్చుకునేవారు కూలబడతారు, అదీ పదే పదే. స్నోబోర్డు నేర్చుకునేవాళ్లకు ఎక్కువగా తగిలేది మణికట్టు దెబ్బలే. రోజంతా కీబోర్డు మీద పని చేసే మీకు అయిదారు వారాలు చేతికి కట్టు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

మోకాలి విషయంలో మాత్రం స్కీయింగ్ వైపు మొగ్గి మాట్లాడను. మోకాలి లిగమెంట్లకు తగిలే పెద్ద దెబ్బల్లో స్కీయింగ్‌దే పైచేయి. కారణం, పొడవాటి స్కీ ఒక వైపు, ఒళ్లు ఇంకో వైపు తిరిగితే మధ్యలో మెలిపడేది మోకాలు. పిజ్జా పెట్టి ఎక్కువసేపు దిగినా మోకాలి లోపలి వైపు బరువు పడుతుంది. బోర్డులో రెండు కాళ్లూ ఒకే పలక మీద కలిసి తిరుగుతాయి కాబట్టి ఆ మెలిక తక్కువ. కాకపోతే కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్ దిగేటప్పుడు ఒక కాలు బిగించి, ఒక కాలు వదులుగా ఉంటుంది. అప్పుడు పడితే బిగించిన కాలికి మెలి తప్పదు. పైగా కింద నుంచి పదే పదే లేవడం మెట్లు దిగడం కంటే మీ మోకాలికి బరువు.

స్కీయింగ్‌లో మీకు రక్ష ఒకటి ఉంది, బైండింగ్, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు. పడ్డప్పుడు బలం ఎక్కువైతే బూటును వదిలేసేలా దాన్ని అమరుస్తారు. ఆ అమరిక రెంటల్ కౌంటర్ దగ్గర మీరు నింపే ఫారం మీద ఆధారపడి ఉంటుంది: బరువు, ఎత్తు, వయసు, మీరు ఏ రకం స్కీయర్ అన్నది. పక్కన మరిది, తోటి ఆడవాళ్లు నిలబడి ఉన్నారని బరువు పది పౌండ్లు తగ్గించి రాసేవాళ్లు ఉంటారు. మీరా పని చేయొద్దు. అంకె తప్పైతే బైండింగ్ వదలాల్సిన చోట వదలదు, వదలకూడని చోట వదులుతుంది. రకం దగ్గర టైప్ 1 అని పెట్టండి, అంటే జాగ్రత్తగా నెమ్మదిగా దిగే మనిషి అని. బోర్డు బైండింగులు అలా ఊడి రావు.

ఇక మీ ముందున్న దారులు.

స్కీయింగ్ తీసుకుని, రెండు రోజులూ పొద్దున గ్రూప్ లెసన్ పెట్టుకోవడం ఒక దారి. రెండో రోజు మధ్యాహ్నానికి మీ కొడుకుతో కలిసి గ్రీన్ రన్, అంటే ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న తేలిక వాలు, దిగే అవకాశం బాగానే ఉంది. మూల్యం: బూట్ల నొప్పి, తొడల మంట, మోకాలి మీద కన్నేసి ఉంచడం. నొప్పి మొదలైతే "ఇంకొక్కసారి" అనకుండా ఆ రోజుకి ఆపేయాలి. అలసిపోయాక దిగితే దెబ్బలు తగిలించుకోవడం తేలిక.

బోర్డే కావాలనిపిస్తే, అదీ సాధ్యమే. అప్పుడు రిస్ట్ గార్డులు, హెల్మెట్, నడుం కింద మెత్త ఉన్న ప్యాడెడ్ షార్ట్స్ ఈ మూడూ లేకుండా మంచు మీద అడుగు పెట్టకండి. చేతులు చాచి పడకండి. పిడికిలి బిగించి ముంజేతుల మీద పడటం లెసన్‌లో నేర్పుతారు. మొదటి రోజు ఫొటోలన్నీ కూర్చునే ఉంటాయి. ఈ ట్రిప్పుతో ఆపకుండా మార్చిలోపు ఇంకో రెండు మూడుసార్లు వెళ్లే ఉద్దేశం మీకుంటేనే ఆ దెబ్బలకు ఫలితం దక్కుతుంది. ఏడాదికి ఒక్క ట్రిప్పే అయితే ప్రతి ఏడూ మొదటి రోజే మళ్లీ మళ్లీ అనుభవిస్తారు.

ఒక రోజు అదీ, ఒక రోజు ఇదీ చూద్దామా అని మీ ఉత్తరం చివర అడిగారు. డబ్బు, సమయం ఉంటే తప్పేం లేదు. కానీ రెండో రోజే కదా మొదటి రోజు నేర్చుకున్నది ఒంటికి పట్టేది, దాన్ని వదులుకుంటారు. నాకైతే ఈ దారి అంతగా రుచించదు.

నాకు బాగా నచ్చే దారి ఇంకొకటి ఉంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఆ సెలవు వారాంతం పోకొనోస్‌లో ఇసకేస్తే రాలనంత జనం. లెసన్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి మంది ఎక్కువ, లిఫ్ట్ దగ్గర లైను, బన్నీ స్లోప్, అంటే కొత్తవాళ్లు నేర్చుకునే చిన్న వాలు, మీద అడ్డదిడ్డంగా వచ్చే పిల్లలు. దానికి ఒకటి రెండు వారాల ముందు, మామూలు పనిదినం నాడు సెలవు పెట్టి, మీరూ మీ అమ్మాయీ న్యూజెర్సీలోనే వెర్నన్‌లో ఉన్న మౌంటెన్ క్రీక్‌కి వెళ్లి రండి. లెసన్, రెంటల్, కింది వాలుకి మాత్రమే పనికొచ్చే లిఫ్ట్ టికెట్ కలిపి కొత్తవాళ్ల ప్యాకేజీలు చాలా చోట్ల ఉంటాయి. జనవరిలో వాటి మీద తగ్గింపులూ ఎక్కువ. నాలుగు కుటుంబాల కళ్లు లేని చోట పడటం, లేవడం అయిపోతుంది. మీకు స్కీ నచ్చలేదనుకోండి, అసలు ట్రిప్పుకి మనసు మార్చుకునే వీలు ఇంకా చేతిలో ఉంటుంది. ఖర్చు, ఒక సెలవు రోజు.

ఏదీ వద్దు, ట్యూబింగే చాలు అనిపించినా తలదించుకోనక్కర్లేదు. మీరు అడిగింది కొండ మీద ఫొటో. ట్యూబ్‌లో కూర్చున్నా ఉండేది కొండ మీదే.

మీవారి "అందరం ఒకటే" అన్న మాట వెనక ఆపేక్షే ఉంది, కానీ లెక్క తప్పింది. స్కీ వాళ్లూ బోర్డు వాళ్లూ ఎక్కేది ఒకే లిఫ్ట్, దిగేది ఒకే వాలు. మిమ్మల్ని విడదీసేది ఏ పలక వేసుకున్నారన్నది కాదు, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారన్నది. నలుగురూ బోర్డు తీసుకున్నా మీవారు బ్లూ రన్‌కి, అంటే గ్రీన్ కంటే కష్టమైన వాలుకి, వెళ్లిపోతే మీరు ఒంటరే. కలిసి దిగేటప్పుడు చిన్న తేడాలు ఉంటాయి. పైకి వెళ్లాక బోర్డు వాళ్లు కూర్చుని రెండో కాలు బిగించుకునేదాకా మీరు ఒక నిమిషం ఆగాలి. చదునుగా ఉన్న చోట బోర్డు ఆగిపోయి మీ మరిది ఒంటికాలితో తోసుకుంటుంటే, మీరు కర్ర అందించి లాగొచ్చు. ఆ దృశ్యం కోసమైనా స్కీయింగ్ నేర్చుకోవచ్చు అంటాను.

పిల్లల విషయం వేరు. అమ్మాయికి పన్నెండేళ్లు కాబట్టి ఆమెనే ఎంచుకోనివ్వండి. ఆ వయసులో స్నేహితులు చేసేదే చేస్తారు, పడినా తేలిగ్గా లేస్తారు. ఏడేళ్ల బాబుకి స్కీ క్లాసులు ఎక్కడైనా ఉంటాయి. బోర్డు క్లాసులకు కనీస వయసు కొండను బట్టి మారుతుంది, ఫోన్ చేసి కనుక్కోండి.

సేల్‌లో నాలుగు బోర్డులు కొనడం మాత్రం వద్దు. రెండు రోజులకు రెంటల్ చాలు. వచ్చే ఏడు కూడా వెళ్తున్నారని తేలాక కొంటే ముందు బూట్లు కొనండి, పలకలు కాదు. కాలికి అమరని రెంటల్ బూటే చాలామందికి ఈ ఆట మీద విరక్తి పుట్టించేది. మీవారికి ఇది చెప్పేటప్పుడు, వద్దు అనకుండా "మార్చి చివర్లో సీజన్ అయిపోయేటప్పుడు సామాను ఇంకా చవగ్గా వస్తుందట, అప్పటికి ఎవరికి ఏది నచ్చిందో కూడా తెలుస్తుంది కదా" అనండి. బేరం దగ్గర మగవాళ్లు మెత్తబడతారు.

మరిది దగ్గర కొంచెం నేర్పు కావాలి. బోర్డు నడపడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. పైగా దగ్గరివాళ్లు నేర్పితే మొదటి గంటలోనే పంతాలు, కళ్లనీళ్లు. తీసుకెళ్లి నేరుగా పెద్ద వాలు మీద నిలబెట్టి "ఏం కాదు వదినా, వచ్చేయ్" అనేది వీళ్లే. అలాగని "నువ్వు నేర్పొద్దు" అంటే చిన్నబుచ్చుకుంటాడు. "పొద్దున లెసన్‌లో ఉంటాను, మధ్యాహ్నం నాతో ఒక గ్రీన్ రన్ దిగు, నువ్వు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది" అని అడగండి. అతనికీ పని దొరికినట్టు ఉంటుంది. తన పాత బోర్డు ఇస్తానంటే మాత్రం తీసుకోకండి. అది అతని బరువుకీ, అతని పాదాలకీ తగ్గది.

అత్తగారి మాటలో సగం నిజం ఉంది, అందుకే దాన్ని నవ్వి కొట్టేయకండి. ఇప్పటి నుంచి రోజూ గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడే వ్యాయామం, మెట్లు ఎక్కడం పెట్టుకోండి. మోకాలు చూసిన డాక్టర్‌ని లేదా ఫిజికల్ థెరపిస్ట్‌ని ఒక్క మాట అడగండి: నేను చేయబోయేది ఇది, బ్రేస్ కావాలా, అసలు చేయొచ్చా? వాళ్లు వద్దంటే నేను రాసిందంతా పక్కన పడేయండి.

బట్టల గురించి రెండు ముక్కలు. జీన్స్ తడిస్తే ఆరదు, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు అద్దెకు దొరుకుతుంది. సాక్సులు ఒక్క జతే, పొడవువి, కాటన్ కాకుండా. చలి కదా అని రెండు జతలు వేస్తే బూటులో ముడతలు పడి కాలు ఇంకా నొప్పెడుతుంది.

సెలవు వారాంతాల్లో పొద్దున లెసన్లు ముందే నిండిపోతాయి. స్కీయా, బోర్డా అన్నది ఇంట్లో తేలకపోయినా మీ ఒక్కరి లెసన్, రెంటల్ ఈ వారమే బుక్ చేసేయండి. స్కీ నుంచి బోర్డుకి తర్వాత మార్చుకోనిస్తారా అని బుక్ చేసేటప్పుడే అడగండి.